కంచె వేసిన పచ్చిక



ఇంగ్లండు దేశమున జరిగిన యొక చిన్న కథను నేడు మీకు విన్నవింపదలచితిని. ఇందు రాజులు లేరు, యుద్ధములు లేవు. ఒక సీతాకోకచిలుక, ఒక చీమ, కొంత పచ్చిక, ఆ పచ్చికను మేసెడి పసులు, పాత్రలివియే. వీనిని కనిపెట్టి చూచినవారిలో పలువురకు ఇది జీవనోపాధి కాదు. ఒకడు చిత్రకారుడు, ఒకడు వైద్యుడు, ఒకడు సైన్యమున కాప్టెనుగా నుండినవాడు. తీరిక దొరకినపుడెల్ల గట్టుల వెంట తిరిగి, చూచినది చూచినట్లు కాగితముపై పెట్టినవారు వీరు. పసులబీళ్ల సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును గనుక, ఈ కథలో పొరపాటు ఎక్కడ జరిగెనో నేను చెప్పకముందే మీరు పసిగట్టగలరని నా నమ్మకము.

ఆ సీతాకోకచిలుకను ఇంగ్లీషువారు 'లార్జ్ బ్లూ' అందురు. పెద్ద నీలమని అర్థము. పేరు పెద్దదే కాని, రెక్కలు విప్పిన నిది ఇంచుమించు రెండంగుళములే యుండును. నీలిరెక్కల మీద నల్లని మచ్చలుండును. 1795లో విలియం లూయిన్ అనునతడు బ్రిటను సీతాకోకచిలుకలను గూర్చిన తన గ్రంథమున దీనిని చేర్చెను. అప్పటికే అది అరుదు. అరుదైన వస్తువునకు మనుష్యుని చేతిలో నేమి గతి పట్టునో మీకు చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో పాదరులు, వైద్యులు, గుమాస్తాలు, జమీందారులు వలసంచులు చేతబట్టి దానివెంట పడిరి. పట్టినదానికి సూది గ్రుచ్చి, బెండుపరచిన పెట్టెలలో వరుసగా నమర్చిరి. నేనును బాల్యమున సీతాకోకచిలుకలను బట్టి పుస్తకముల నడుమ నదిమినవాడనే గనుక వారిని గట్టిగా నిందింపజాలను. పైగా ఆ పెట్టెలలో ప్రతి సూది క్రిందను ఒక చీటీ యుండెడిది. పట్టిన ఊరు, తేదీ, పట్టినవాని పేరు దానిపై వ్రాయబడెడివి. ఏ జాతి ఏ కాలమున ఎచ్చట నుండెనో, ఎచ్చట మాయమయ్యెనో తరువాతివారికి తెలిపిన సాక్ష్యములలో ఆ చీటీలును ఉన్నవి.

అయితే చాలకాలము ఈ చిలుక బ్రతుకు ఎవరికిని అంతుపట్టలేదు. మన వాము వాసనను దలపించు థైము అనెడి మొక్క యొకటి కలదు. అది నేలబారున ప్రాకును. తల్లిచిలుక ఆ మొక్క మొగ్గల మీద గ్రుడ్లు పెట్టును. పురుగు వెలువడి రెండు మూడు వారములు ఆ పువ్వులనే తినును. మూడవమారు కుబుసము విడిచిన పిదప ఆహారమును ముట్టదు. క్రొత్త పువ్వులు పెట్టినను, వేరొక ఆకు పెట్టినను ఒల్లక, నేలమీదికి దిగి ఇటునటు ప్రాకి చచ్చిపోవును. చిత్రకారుడైన ఫ్రోహాక్ దీనిని పెంచుటకు ఏండ్ల తరబడి యత్నించి ఈ ఘట్టముననే నిలిచిపోయెను.

1915లో ముడి వీడెను. వైద్యుడైన చాప్‌మన్ ఒక థైము మొక్కను పెల్లగింపగా దాని క్రింద చీమల గూటిలో ఈ పురుగు కనబడెను. దాని కడుపును పరీక్షింపగా తెలిసినదేమనగా, అది తినుచున్నది ఆకు కాదు, చీమల పిల్లలు! అంతట కాప్టెను పూర్‌ఫాయ్ అక్రోటుకాయల పెంకులలో ఎఱ్ఱచీమలకు గూళ్లమర్చి, ఆ పురుగులను వానికప్పగించి, సీతాకోకచిలుక రెక్కలతో వెలువడువరకు పెంచి చూపెను. పెద్ద ప్రయోగశాల కాదు, ఖరీదైన యంత్రము కాదు, అక్రోటు పెంకు! నాకీ కథలో అన్నిటికంటె ప్రీతియైన వస్తువు అదియే.

జరుగునది ఇది. పువ్వును విడిచి నేలకు దిగిన పురుగు చీమ యెదురుపడగానే తియ్యని బొట్టు నొకదానిని స్రవించును. చీమ దానిని నాకి, ఆ పురుగును తన గూటిలోని పిల్లయే యని భ్రమపడి నోట కరచుకొని లోనికి కొనిపోవును. ఆ పురుగు తన తుది బరువులో నూటికి 98 వంతులు ఆ గూటిలోనే, ఆ చీమల పిల్లలను తినియే సంపాదించును. మరుసటి వేసవిలో గూటినుండి వెలికి ప్రాకి, రెక్కలార్చుకొని ఎగిరిపోవును. చీమలకును నీలిచిలుకలకును ఇట్టి సంబంధము మనదేశమునను లేకపోలేదు. మన రేగుచెట్ల ఆకులు తిను కొన్ని చిన్న నీలిచిలుకల పురుగుల చుట్టును చీమలు మూగి యుండుట కద్దు. కాని అచ్చట మోసము లేదు. పురుగు తీపినిచ్చును, చీమ కావలి కాయును.

రహస్యము తెలిసెను గదా, ఇక ఆ జాతి బ్రతికినట్లే యని మీరనుకొనవచ్చును. అట్లు జరుగలేదు. ఏటేట దాని సంఖ్య తగ్గుచునే వచ్చెను. ఎవరి దోషమని విచారించిన అభిమానులకు వలసంచివాడే దొంగగా తోచెను. అది సహజమే. ఇరువదవ శతాబ్ది తొలి సగమున ఈ చిలుకలున్న యొక గట్టును రక్షింపబూని, సేకరణకారులు రాకుండ దాని చుట్టును కంచె వేసిరి. లోపల థైము విరగబూసెను. చిలుకను పట్టువాడు లేడు. అయినను కొలది యేండ్లలో లోపలి చిలుక నశించెను.

కంచె సేకరణకారుని ఆపెను. దానితోపాటు పసులను గూడ ఆపెను. గడ్డి పెరిగెను. కంచె కట్టినవారు థైమును చూచిరి, చిలుకను చూచిరి, కాని చీమను లెక్కపెట్టలేదు. చీమ యుండవలసిన గడ్డియెత్తును అసలే లెక్కపెట్టలేదు.

కంచెలేని చోట్లను ఇదే దుర్గతి పట్టెను. ఏటవాలు గట్టులపై పసులను తోలి మేపుట గిట్టుబాటు కాక రైతులు మానివేసిరి. అప్పటికిని బొరియలలో నుండు సీమకుందేళ్లు గడ్డిని కొరికి పొట్టిగా నుంచెడివి. 1953లో మిక్సోమటోసిస్ అను తెగులు బ్రిటనుకు వచ్చి, రెండు మూడేండ్లలో ఆ కుందేళ్లను ఇంచుమించుగా తుడిచిపెట్టెను. ఇక గడ్డికి ఎదురు లేకపోయెను.

1972లో జెరెమీ థామస్ అను యువశాస్త్రజ్ఞుడు, మిగిలిన చిలుకలున్న చోటికి పోయి, వేసవి వెంట వేసవి అచ్చటనే గడిపెను. ఈయన వృత్తిచేతనే శాస్త్రజ్ఞుడు. అయినను చేసిన పని పూర్వపు అభిమానులు చేసినదే. గ్రుడ్లను లెక్కించుట, పురుగును వెంబడించుట, చీమ యేదియో చూచుట. ఈ పురుగును మిర్మికా యను కుదురునకు చెందిన ఎఱ్ఱచీమలలో ఏదైనను ఎత్తుకొనిపోవును గాని, సాబులేటి యను నొక్క జాతి గూటిలో తప్ప తక్కినవాని గూళ్లలో అది చాలవరకు చచ్చుననియు, ఆ చీమకు ఎండసోకిన వెచ్చని నేల కావలెననియు ఆయన కనుగొనెను. గడ్డి మూడు సెంటీమీటర్లకు, అనగా అంగుళమునకు పైచిలుకు, మించి పెరిగిన నేలకు నీడపడి రెండు మూడు డిగ్రీలు చల్లబడును. అంతమాత్రముననే ఆ చీమ తొలగి, దాని స్థానమును దాని దాయాదిచీమ ఆక్రమించును. మన కంటికి రెండు చీమలును ఒక్కటే. పురుగునకు ఒకటి ఇల్లు, ఒకటి వల్లకాడు.

తెలిసెను గాని ఆలస్యమాయెను. మిగిలిన చిలుకలు కొలదియే. 1976 నాటి అనావృష్టి వానిని మరింత నలిపెను. 1979లో ఈ జాతి బ్రిటనులో నశించినదని ప్రకటించిరి. సుమారు నూటయెనుబది యేండ్లు పేరు వ్రాసి, బొమ్మ గీచి, పెంకులో పెంచి చూచిన జాతి, దాని రహస్యము పూర్తిగా తెలిసిన కొలది యేండ్లకే పోయెను. ఈ మాట నేను మొదటిమారు చదివినపుడు పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

కాని సాబులేటి చీమ నశింపలేదు. నైరుతి ఇంగ్లండులో కొన్ని గట్టులపై పొదలు నరికి, పసులను తిరిగి తోలి, గడ్డిని పొట్టిగా చేసి, చీమలు పెరుగువరకు ఓపికపట్టిరి. 1983లో స్వీడను దేశపు ఓలాండు దీవినుండి ఈ జాతి చిలుకను తెచ్చి విడుచుట మొదలిడిరి. ఏయే నెలలో ఎన్ని పసులను ఎంతకాలము మేపవలెనో లెక్కపెట్టియే మేపిరి. అతిగా మేపిన థైము పూవు మిగులదు, మేపకున్న చీమ మిగులదు. ఈసారి చిలుక నిలిచెను. వేలకొలదిగా వృద్ధిపొందెను.

ఈ పనిలో జీతముగల నిపుణుల ప్రక్కనే జీతములేని అభిమానులు నేటికిని పనిచేయుచున్నారు. 1976లో ఆ దేశమున సీతాకోకచిలుకల నెన్నుట కొక పద్ధతి నేర్పరచిరి. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు వారమునకొకమారు ఒక్కొక్కరు తమకు నియతమైన బాటనే నడచి, కనబడిన చిలుకలను జాతులవారీగా వ్రాసికొందురు. పూర్వము చేతనుండిన సూదికి బదులు పెన్సిలు వచ్చినది.

గ్లాస్టర్‌షైరులో రాడ్‌బరో అను నొక ఉమ్మడి బీడు కలదు. అచ్చట పరిసరపు రైతుల ఆవులు ఏటేట వేసవిలో మేయును. ఆ ప్రాంతమున నీలిచిలుక కనబడి నూటయేబది యేండ్లు గడచినవి. అయిదేండ్లు ఆ బీటిని సిద్ధపరచి, 2019లో అచ్చట 1,100 పురుగులను విడిచిరి. మరుసటి వేసవిలో, 2020లో, ఇంచుమించు 750 సీతాకోకచిలుకలు చీమల గూళ్లనుండి వెలువడి, మేయుచున్న ఆవుల నడుమ ఎగిరినవి.