హైదరాబాదుపై సైనికచర్య: లోకాభిప్రాయము, జనాభిప్రాయము

ఒక రాజ్యము తన పొరుగు రాజ్యముపై సైన్యమును నడపినప్పుడు న్యాయాన్యాయ విచారమునకు పూర్వమే లోకము వేయు ప్రశ్న యొకటి కలదు. ఇది రెండు రాజ్యముల నడుమ జరిగిన యుద్ధమా, లేక ఒకే రాజ్యము లోపల జరిగిన శాంతిస్థాపనమా? 1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యములు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినప్పుడు ఈ ప్రశ్నయే పారిసు నగరమున భద్రతా మండలి యెదుట నిలిచినది. ఆ సైనికచర్య వృత్తాంతమును తిరిగి చెప్పుట మా యుద్దేశము కాదు. దానిని గూర్చి దేశవిదేశములందు ఎవరేమి పలికిరి, వారిచే అట్లు పలికించినది ఏది అనునదే ఇచ్చట మా విచారణాంశము.

హైదరాబాదు ఒక స్వతంత్ర రాజ్యముగా నుండెనా యను విషయమున నాడును నేడును ఏకాభిప్రాయము లేదు. సుమారు 82,000 చదరపు మైళ్ల వైశాల్యము, 1941 జనాభా లెక్కల ప్రకారము కోటి అరువది మూడు లక్షల జనము, తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతములు, స్వంత నాణెము, స్వంత రైలు, స్వంత తపాలా కలిగియుండిన ఆ సంస్థానమును చూచి ఇది రాజ్యము కాదనుట కష్టమే. కాని 1926 మార్చిలో వైస్రాయి లార్డు రీడింగు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖానునకు వ్రాసిన లేఖలో భారతదేశమున బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమనియు, సమానుల హోదాలో సంప్రదించు హక్కు ఏ సంస్థానాధీశునకును లేదనియు స్పష్టపరచెను. 1947లో బ్రిటిషువారు వెడలిపోగా ఆ సార్వభౌమత్వము తొలగెను గనుక తాము స్వతంత్రులైతిమని నిజాము ప్రభుత్వము వాదించెను. తొలగిన అధికారము ఎవరికి సంక్రమించినదను విషయమున బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము మౌనము వహించినది. ఆ మౌనములోనే ఈ వివాదమంతయు పుట్టినది. 1947 నవంబరు 29న జరిగిన యథాతథపు ఒడంబడిక ఒక సంవత్సరపు గడువును మాత్రము కల్పించెను, చిక్కును విప్పలేదు.

1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము భద్రతా మండలికి తంతి ద్వారా ఫిర్యాదు పంపెను. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వము లేని రాజ్యమును వివాదమును మండలి దృష్టికి తేవచ్చునను 35వ అధికరణము రెండవ ఖండము ఆ ఫిర్యాదునకు ఆధారము. ఆ రాత్రియే హైదరాబాదు నగరమున 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాను తన యింటి సమీపమున హత్య చేయబడెను. భారతదేశముతో చేరుటయే సంస్థానమునకు శ్రేయస్కరమని ఆయన వ్రాయుచుండెను. ఈ రెంటికిని కార్యకారణ సంబంధము కల్పించుట చరిత్రకారుని పని కాదు. అయినను, తన స్వాతంత్ర్యమునకు లోకము రక్షణ నీయవలెనని కోరిన ప్రభుత్వము తన పౌరుని కలమునకు రక్షణ నీయలేకపోయినదని గుర్తింపక తప్పదు.

ఫిర్యాదు చర్చకు వచ్చుసరికి మూడున్నర వారములు గడచినవి. సెప్టెంబరు 16న బ్రిటిషు ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కడోగను అధ్యక్షతన మండలి సమావేశమయ్యెను. అప్పటికి సైన్యములు ప్రవేశించి మూడు దినములు దాటినవి. హైదరాబాదు పక్షమున నవాబు మొయిన్ నవాజ్ జంగు, భారతదేశ పక్షమున కర్నూలులో జన్మించిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు వాదించిరి. హైదరాబాదు ఎన్నడును స్వతంత్ర రాజ్యము కాదు గనుక మండలికి ఫిర్యాదు చేయు అర్హతయే దానికి లేదని మొదలియారుగారి వాదము. విషయమును కార్యక్రమమున చేర్చుటకు ఎనిమిది ఓట్లు అనుకూలముగా వచ్చెను. వ్యతిరేకముగా ఒక్కటియు రాలేదు. చైనా, సోవియట్ రష్యా, ఉక్రెయిను తటస్థముగా నుండెను. అర్హతను గూర్చిన తీర్పును వాయిదా వేసియే మండలి చర్చ నారంభించినదని గమనింపవలెను.

మరునాడే, అనగా 17న, నిజాము యుద్ధవిరామమును ప్రకటించెను. 18న ఆయన సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూసు మేజరు జనరల్ చౌధురికి లొంగిపోయెను. 22వ తేదీన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు నిజాము తంతి పంపెను. ఓడిన ప్రభువు పంపిన తంతి స్వేచ్ఛగా పంపినదేనా యను సందేహము అప్పుడు కొందరికి కలిగెను. బలప్రయోగముచే ఏర్పడిన స్థితి మూలవివాదమును తొలగింపజాలదని అమెరికా ప్రతినిధి జెస్సప్ అభిప్రాయపడెను. అర్జెంటీనా ప్రతినిధి హోసే ఆర్సే హైదరాబాదు పక్షమున గట్టిగా నిలిచెను. 1949 మే నెలలో పాకిస్తాను విదేశాంగమంత్రి జఫ్రుల్లా ఖాను ఈ విషయముననే మండలిలో దీర్ఘోపన్యాసము చేసెను. తీర్మానము మాత్రము ఏదియు వెలువడలేదు. కొట్టివేయబడనిదియు, తీర్పు చెప్పబడనిదియు నైన ఆ అంశము దశాబ్దముల తరబడి మండలి జాబితాలో అట్లే పడియుండెను.

ఇక మాటను గూర్చి. భారత ప్రభుత్వము ఈ చర్యకు 'పోలీసు చర్య' యని పేరు పెట్టెను. ఫిరంగులు, టాంకులు, విమానములు పాల్గొన్న చర్యకు ఆ పేరు ఎట్లు పొసగినదని తెలుగు విద్యార్థులు అడుగుట మేము విన్నాము. ఈ పేరునకు పూర్వచరిత్ర కలదు. 1947 జులైలో డచ్చివారు ఇండొనీషియా గణతంత్రముపై సైన్యమును నడపి దానిని పోలీసు చర్యయే యనిరి. దానిని నిరసించుచు ఆస్ట్రేలియాతోపాటు భద్రతా మండలికి వెళ్లినది భారతదేశమే! హైదరాబాదు ముగిసిన మూడు నెలలకు, 1948 డిసెంబరులో, డచ్చివారు రెండవమారు అదే పని చేసిరి. 1949 జనవరిలో నెహ్రూగారు ఢిల్లీలో ఆసియా దేశముల సమావేశమును జరిపి దానిని ఖండించిరి. సముద్రములు దాటి వచ్చి పోయిన వలసను మరల చేజిక్కించుకొనుట వేరు, నాలుగు వైపుల తన భూమి చుట్టుకొనియున్న సంస్థానమున ప్రవేశించుట వేరు అని సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానమున బలము కలదని మేమును అంగీకరింతుము. కాని పేరు దౌత్యమునకు పనికివచ్చినంతగా చరిత్రకు పనికిరాదు.

బ్రిటనులో ప్రతిపక్ష నాయకుడు చర్చిలు 1948 జులై 30న కామన్స్ సభలో నెహ్రూగారి మాటలను, ఆస్ట్రియాను మ్రింగుటకు ముందు హిట్లరు పలికిన మాటలతో పోల్చెను. అట్లీ ప్రభుత్వము తాను అధికారము నప్పగించి వచ్చిన దేశముతో కలహమునకు సిద్ధముగా లేదు. పాకిస్తాను ఆ వారమున జిన్నా మరణముచే శోకమగ్నమై యుండెను. ఆయన సెప్టెంబరు 11న గతించెను. కరాచీలో ప్రజలు వీథులకెక్కి ఆగ్రహమును ప్రకటించిరి గాని ప్రభుత్వము మాటను దాటి అడుగు వేయలేదు.

పారిసులో వాదించిన ఇరుపక్షములును సంస్థాన ప్రజల పేరు చెప్పిరి. వారిని అడిగినవారు లేరు. వారి అభిప్రాయమును తెలిసికొనుటకు గ్రామములకు పోవలెను. నగరమును చుట్టియుండిన అత్రాఫె బల్దా జిల్లా నిజాము స్వంత ఖర్చులకై కేటాయింపబడిన సర్ఫెఖాసు భూమి. ఇబ్రహీంపట్నము, మీర్‌పేట మున్నగు గ్రామములున్న ఆ ఆగ్నేయ ప్రాంతమున సర్ఫెఖాసు, పాయిగా, జాగీరు గ్రామములు ఒకదాని ప్రక్క నొకటి యుండెను. అట్టిచోట రైతునకు ప్రభువును భూస్వామియు ఒకరే. అంతర్జాతీయ ధర్మశాస్త్రమున 'సార్వభౌమాధికారము' అనబడునది ఆ రైతునకు శిస్తుగా, వెట్టిగా మాత్రమే ఎదురుపడినది. సర్ఫెఖాసు 1949లో ప్రభుత్వమునకు చేరినది. ఆ సంవత్సరమే జాగీర్లును రద్దయ్యెను. పారిసు వాదములకంటె ఈ రెండు మార్పులే ఆ పల్లెలకు సన్నిహితమైనవని మా తలంపు.

భాష కూడ సాక్ష్యము చెప్పును. 'రజాకారు' అను పదమునకు మూలమున స్వచ్ఛంద సేవకుడని అర్థము. తెలంగాణమున అది దౌర్జన్యమునకు పర్యాయపదమైనది. రజాకార్లకు వెరచి సరిహద్దు దాటి బెజవాడ ప్రాంతమునకు చేరిన కాందిశీకుల వలన కోస్తా జిల్లాలవారికి ఈ సమస్య పత్రికావార్తగా గాక ఇంటిముంగిటి విషయమైనది. స్టేటు కాంగ్రెసువారు సైన్యములను స్వాగతించిరి. కమ్యూనిస్టుల స్థితి జటిలమైనది. 1948 మేలో నిజాము వారి పార్టీపై నిషేధమును తొలగించెను; సెప్టెంబరు తరువాత పోరాటమును విరమింపవలెనా, కొనసాగింపవలెనా యను విషయమున వారిలో చీలిక వచ్చెను. రావి నారాయణరెడ్డిగారు విరమణను కోరినవారిలో నొకరు. పోరాటము 1951 అక్టోబరు వరకు సాగెను. దున్నుకొన్న భూములనుండి తొలగింపబడిన రైతునకు వచ్చిన సైన్యము విమోచకముగా తోచియుండునని చెప్పజాలము.

అన్ని ప్రతిస్పందనలలో మిక్కిలి తక్కువగా వినబడినది మరియొకటి కలదు. సైనికచర్య వెనువెంటనే ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలయందు ముస్లిములపై ఘోరమైన హింస జరిగెను. నెహ్రూగారి కోరికపై పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గ్రామములు తిరిగి నివేదిక సమర్పించిరి. సైన్యము పలుచోట్ల రక్షణ నొసంగినదనియు, కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడులందు పాల్గొనిరనియు వారు వ్రాసిరి. మృతుల సంఖ్యను 27,000 మొదలు 40,000 వరకు అంచనా వేసిరి. ఈ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. 2013 నాటికి గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున పరిశోధకులకు సులభముగా లభింపలేదు. రజాకారుల అకృత్యములు ఈ హింసను సమర్థింపవు. ఈ హింస ఆ అకృత్యములను మాపదు. రెంటిని ఒకే పుటలో వ్రాయుటకు మన చరిత్రకారులు ఇంతకాలము జంకిరి. ఒక పుటను వ్రాసినవారు రెండవదానిని చింపివేసిన సందర్భములు కలవు.

సెప్టెంబరు 17నకు పేరు నేటికిని స్థిరపడలేదు. మహారాష్ట్రులు దానిని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినమందురు. 2022లో తెలంగాణ ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినోత్సవమనియు, కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విమోచన దినమనియు ఒకే నగరమున వేరువేరుగా జరిపెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము దానినే ప్రజాపాలన దినోత్సవమనెను. విలీనము, విద్రోహము అనువారును కలరు. గ్రామముల వృద్ధులు మాత్రము ఈ పేర్ల జోలికి పోక, 'యూనియన్ మిలిటరీ వచ్చిన యేడు' అని తమ పిల్లల వయస్సులను లెక్క కట్టుచుండిరి.