బిలాసుపురపు పట్టాలు – పరిహారపు చట్టము

బెంగాలు నాగపురము రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, నాగపురము నుండి ఆసనసోలు వరకు మార్గమును పూర్తిచేయుటతో బిలాసుపురము రైల్వే పట్టణమైనది. 1902లో తూర్పుతీరపు మార్గము యొక్క ఉత్తరభాగము ఆ కంపెనీ పాలనలోనికి వచ్చెను. అంతట వాల్తేరు, విజయనగరము ప్రాంతముల తెలుగువారికి ఈ కొలువులకు దారి ఏర్పడినది. అట్లు వచ్చి బిలాసుపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని గలవు.

ఆ కొలువులలో అపాయము లేనివి అరుదు. షంటింగు వేళ రెండు పెట్టెల నడుమ నిలిచి కొక్కెము తగిలించువానికి చేతివ్రేళ్ళు భద్రముగా నుండునను నమ్మకము లేదు. పట్టాలపై పనిచేయు గ్యాంగుమనుకు వెనుకనుండి వచ్చు ఇంజనే మృత్యువు. 1923కు పూర్వము అట్లు మరణించినవాని భార్య 1855 నాటి చట్టము ననుసరించి సివిలు కోర్టుకెక్కి, యజమాని తప్పును రుజువు చేయవలసియుండెను. పుట్టినయూరు విడిచి, పరభాషా ప్రాంతమున నున్న ఒంటరి స్త్రీకి అది సాధ్యమగు పనియా?

1924 జూలై 1న అమలులోనికి వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టము ఈ చిక్కును విప్పినది. తప్పెవరిదను విచారణ వెనుకకు పోయి, ప్రమాదము పని కారణముగా, పని జరుగుచుండగా సంభవించినదా అనునదే ముఖ్యమాయెను. రైల్వే ఉద్యోగులు అర్హులైరి. కార్యాలయములలో శాశ్వతముగా పనిచేయువారు మాత్రము సాధారణముగా అర్హులు కారు. గుమాస్తాకు లేని హక్కు గ్యాంగుమనుకు లభించిన సందర్భములు మన చరిత్రలో అరుదు!

అయితే ఆనాటి లెక్కలు చూచిన మనసు కలుక్కుమనును. మరణమునకు ముప్పది నెలల జీతము, శాశ్వత పూర్ణ వైకల్యమునకు నలుబదిరెండు నెలల జీతము. ఇవి వరుసగా 2500, 3500 రూపాయలకు మించరాదు. కుడిచేయి మోచేతివద్దగాని ఆపైనగాని పోయిన నూటికి 70, ఎడమచేయి అట్లే పోయిన 60, బొటనవ్రేలికి 25 వంతులు. నెలకు పదునైదు రూపాయల జీతగాని మరణమునకు 450 రూపాయలు వచ్చును. అతని కుడిచేతికి 441 రూపాయలు. ప్రాణమునకును చేతికిని భేదము తొమ్మిది రూపాయలు.

లెక్కలు పిసినారివైనను నియమములు కొన్ని మేలైనవి. కంట్రాక్టరు క్రింద పనిచేసిన కూలి గాయపడినచో, ఆ పని సంస్థ తన వ్యాపారములో భాగముగా చేయించినదైన యెడల, సంస్థయే బాధ్యత వహింపవలెను. పరిహారపు హక్కును వదలుకొంటినని కార్మికుడు వ్రాసియిచ్చిన పత్రము చెల్లదు. వేలిముద్రతో బ్రతుకు నడిపిన కాలములో ఇది చిన్న రక్షణ కాదు. మరణ పరిహారమును కమిషనరువద్దనే జమచేయవలెనను నియమము వలన సొమ్ము దళారుల చేతిలో పడకుండ కొంత అడ్డు ఏర్పడెను.

"పని జరుగుచుండగా" అను మాటయే పిమ్మట వివాదములకు మూలమైనది. పని ముగించి ఇంటికి పోవుచు పడవ మునిగి మరణించిన సౌరాష్ట్రపు ఉప్పుకొఠారు కార్మికుల విషయమున, అది ప్రజలందరు వాడుకొను రేవు గనుక ఉద్యోగములో భాగము కాదని 1958లో సుప్రీంకోర్టు తీర్మానించినది. చట్టము పేరు 2009 సవరణతో ఉద్యోగి నష్టపరిహార చట్టముగా మారినది. ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి పోవు దారిలో జరిగిన ప్రమాదమును కూడ, పనితో సంబంధము రుజువైనచో, పరిహారమునకు అర్హముగా 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో పార్లమెంటు చేర్చినది. పడవ మునిగిన కేసులో తీర్పు వచ్చి అప్పటికి అరువదిరెండేండ్లు.