సాయానికి లెక్క అడిగిన సభలు: 1971 కలకత్తా

1971 మార్చి 25 అర్ధరాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. ఆనాటి నుంచి డిసెంబరు 16న ఆ సైన్యం లొంగిపోయేదాకా తూర్పు బెంగాల్ (అప్పటి తూర్పు పాకిస్తాన్) రాజకీయం, దౌత్యం, సహాయం మూడూ చాలావరకు కలకత్తా నుంచే నడిచాయి. బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం అక్కడ ఉంది, దాని రేడియో అక్కడ ఉంది, కాందిశీకుల శిబిరాల పాలనా యంత్రాంగమూ అక్కడే ఉంది. సాయం పంపిన దేశాల నుంచి, పాకిస్తాన్‌కు డబ్బూ ఆయుధాలూ అందించిన దేశాల నుంచి చట్టసభల సభ్యులు తమ ప్రభుత్వాలు చేస్తున్నదేమిటో చూసుకోవడానికి దిగింది కూడా ఆ నగరంలోనే. దౌత్యం, విదేశీ సాయం సాధారణంగా మంత్రుల, అధికారుల గదుల్లో తేలిపోయే వ్యవహారాలు. వాటికి సభలు లెక్క అడగడం ఎంతవరకు సాధ్యమో కలకత్తా అనుభవం చూపింది.

ఒక వింత మాత్రం ఉంది. భారం ఎక్కువగా మోసిన పశ్చిమ బెంగాల్‌కు ఆ నెలల్లో చాలావరకు సొంత శాసనసభే లేదు. ఏప్రిల్ మొదట్లో అజయ్ ముఖర్జీ నాయకత్వంలో ఏర్పడ్డ సంకీర్ణ ప్రభుత్వం మూడు నెలలైనా నిలవలేదు. బంగ్లాదేశ్‌కు మద్దతుగా మే నెలలో తీర్మానం చేసిన సభ జూన్ చివరకు రద్దయింది. జూన్ 29 నుంచి రాష్ట్రపతి పాలన. రాష్ట్ర వ్యవహారాలను కేంద్ర మంత్రి హోదాలో సిద్ధార్థ శంకర్ రాయ్ చూశారు. భారత ప్రభుత్వ లెక్క ప్రకారం యుద్ధం ముగిసేనాటికి వచ్చిన కాందిశీకులు 98,99,305 మంది. అందులో 75 లక్షల దాకా పశ్చిమ బెంగాల్‌లోనే ఉన్నారు. దేశం మొత్తం మీద శిబిరాలు 825. ఇంత పెద్ద వ్యవహారం మీద ప్రశ్న వేయడానికి ఆ రాష్ట్ర ఎమ్మెల్యేలకు సభ లేకపోయింది. ప్రశ్న వేసినా, జవాబు వచ్చినా ఢిల్లీ పార్లమెంటులోనే.

ఢిల్లీ పార్లమెంటు త్వరగానే స్పందించింది. మార్చి 31న ఇందిరా గాంధీ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని ఉభయ సభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. తూర్పు బెంగాల్ ప్రజల పోరాటానికి సానుభూతి, సంఘీభావం తెలిపాయి. సంఘీభావం చెప్పడం వేరు, గుర్తింపు ఇవ్వడం వేరు. బంగ్లాదేశ్‌ను గుర్తించాలని సభ్యులు నెలల తరబడి అడుగుతూనే ఉన్నారు, ప్రభుత్వం సమయం రాలేదంటూ వచ్చింది. భారత రాజ్యాంగంలో విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. అందుకే ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే సభకు ఆ సంగతి తెలిసింది. గుర్తింపును డిసెంబరు 6న సభలో ప్రకటించినప్పుడు మోగిన చప్పట్లు నిజమైనవే కానీ, ఆ నిర్ణయం సభది కాదు.

సభ చేతిలో నిజంగా ఉన్నది ఖజానా. మే నెల బడ్జెట్‌లో కాందిశీకుల సహాయానికి 60 కోట్ల రూపాయలు పెట్టారు. వానాకాలం ముగియకముందే ఆ అంచనా తేలిపోయింది, అనుబంధ పద్దులు రావలసి వచ్చింది. అక్టోబరులో రాష్ట్రపతి వి.వి.గిరి ఆర్డినెన్సులు జారీ చేశారు: రైలు టికెట్ మీద, విమాన టికెట్ మీద, తపాలా మీద అదనపు పన్ను. తర్వాత పార్లమెంటు వాటిని చట్టాలుగా మార్చింది. నవంబరు 15 నుంచి ఉత్తరం మీద మామూలు బిళ్ళతో పాటు మరో ఐదు పైసల బిళ్ళ అంటించాల్సి వచ్చింది. మొదట్లో కొత్త బిళ్ళ అచ్చు కాక, కుటుంబ నియంత్రణ ప్రచారానికి వేసిన పాత ఐదు పైసల బిళ్ళ మీదే కాందిశీకుల సహాయం అని ముద్ర కొట్టి అమ్మారు. 1973 మార్చి 31 వరకు ఈ పన్ను ఉంది. కలకత్తా నుంచి సరిహద్దుకు వెళ్ళే జెస్సోర్ రోడ్డు ఎక్కడుందో తెలియని పల్లె మనిషి కూడా ఆ రోడ్డు పక్క శిబిరానికి ఐదు పైసలు కట్టాడన్నమాట. విదేశీ సాయం రాలేదని కాదు. ఏడాది ఖర్చును ప్రపంచ బ్యాంకు 70 కోట్ల డాలర్లుగా అంచనా వేస్తే, బయటి నుంచి అందింది అందులో చిన్న భాగమే.

వచ్చిన ఆ భాగానికైనా పట్టు ఎవరిది అన్నది మరో తగాదా. ఏప్రిల్ చివరలో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ సహాయ సమన్వయాన్ని కాందిశీకుల హైకమిషనర్ సద్రుద్దీన్ ఆగాఖాన్‌కు అప్పగించారు. డబ్బు, మందులు, గుడారాల బట్ట ఆయన కార్యాలయం ద్వారా రావచ్చు. శిబిరం నడిపేది మాత్రం తామేనని భారత ప్రభుత్వం పట్టుపట్టింది. పునరావాస శాఖ కలకత్తాలో శాఖా సచివాలయం తెరిచి, కల్నల్ పి.ఎన్.లూథ్రాను దానికి అధిపతిగా పెట్టింది. విదేశీ స్వచ్ఛంద కార్యకర్తలను క్రమంగా శిబిరాల నుంచి తప్పించారు. సరిహద్దు శిబిరాల పక్కనే బంగ్లాదేశ్ విమోచన సేన ముక్తివాహిని శిక్షణ సాగుతున్నందున ఇది సేవా భావానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు.

జూన్, జూలై నెలల్లో బ్రిటిష్ పార్లమెంటు నుంచి ఆర్థర్ బాటమ్లీ నాయకత్వంలో రెజ్ ప్రెంటిస్, జేమ్స్ రామ్స్‌డెన్, టోబీ జెస్సెల్ వచ్చారు. రెండు పార్టీల వాళ్ళూ ఉన్న ఈ బృందం తూర్పు పాకిస్తాన్‌నూ చూసింది, కలకత్తా చుట్టుపక్కల శిబిరాలనూ చూసింది. ఈలోగా పాకిస్తాన్‌కు అప్పులిచ్చే దేశాల కూటమి జూన్ 21న పారిస్‌లో సమావేశమై కొత్త సాయం ఏమీ ప్రకటించకుండానే లేచింది. అంతకుముందు పీటర్ కార్గిల్ నాయకత్వంలో తూర్పు పాకిస్తాన్ వెళ్ళొచ్చిన ప్రపంచ బ్యాంకు బృందం నివేదిక అంత ప్రతికూలంగా ఉంది. బ్యాంకు దాన్ని దాచాలనుకుంది గాని, జూలైలో అది న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది.

అసలు కథ అమెరికా కాంగ్రెస్‌ది. నిక్సన్ ప్రభుత్వానికి ఆ ఏడాది పాకిస్తాన్ ద్వారా చైనా తలుపు తెరుచుకోవడం ముఖ్యం. ఢాకాలోని తమ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న పంపిన అసమ్మతి టెలిగ్రాం కూడా ఆ లెక్కను మార్చలేదు. కానీ సాయానికి డబ్బు కేటాయించేది కాంగ్రెస్. ఢాకా కలరా పరిశోధనాలయంలో పనిచేసిన వైద్యుడు జాన్ రోడ్ ఓహాయో సెనేటర్ విలియం సాక్స్‌బీకి రాసిన ఉత్తరం ఏప్రిల్ చివరలో సభా రికార్డులకెక్కింది. ఆ ప్రయోగశాల కూడా అమెరికా సాయంతో నడిచిందే. సాయం చేసిన చోటి నుంచే సాయం మీద ఫిర్యాదు వచ్చిందన్న మాట. రిపబ్లికన్ సాక్స్‌బీ, డెమొక్రాట్ ఫ్రాంక్ చర్చ్ కలిసి పాకిస్తాన్‌కు సాయం ఆపాలని సవరణ ప్రతిపాదించారు. సాక్స్‌బీ నాలుగేళ్ళకు భారత్‌లో అమెరికా రాయబారి అయ్యారు.

ప్రతినిధుల సభలో ఆసియా వ్యవహారాల ఉపసంఘం అధ్యక్షుడు కార్నీలియస్ గాలఘర్ మే నెలలో విచారణలు జరిపి, జూన్‌లో స్వయంగా శిబిరాలు చూసి వెళ్ళారు. బయలుదేరినప్పుడు సంఖ్యలు అతిశయోక్తులేమోనని అనుమానపడ్డ మనిషి, తిరిగి వెళ్ళాక సాయం నిలిపివేత సవరణకు తన పేరే ఇచ్చారు. ఆగస్టు 3న ప్రతినిధుల సభ ఆ నిబంధనతోనే విదేశీ సాయం బిల్లు ఆమోదించింది.

వారం తిరిగేసరికి ఎడ్వర్డ్ కెనడీ కలకత్తాలో దిగారు. ఆయన సెనేట్ న్యాయ సంఘంలో కాందిశీకుల ఉపసంఘానికి అధ్యక్షుడు. తూర్పు పాకిస్తాన్‌లోకి పాకిస్తాన్ ఆయనను రానివ్వలేదు. అందుకే సరిహద్దుకు ఇవతలే, బురదలో, వానలో, శిబిరం తర్వాత శిబిరం తిరిగారు. అప్పుడే కొత్తగా మెరక చేస్తున్న సాల్ట్ లేక్ నేల మీద ఒక్క చోటే రెండు లక్షలకు పైగా జనం. మురుగు పైపుల్లోనూ కాపురాలు.   

కెనడీ ఉపసంఘం ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయం చేత ఆరా తీయించింది. ఆయుధాల రవాణా ఆపామని అమెరికా ప్రభుత్వం చెబుతుండగానే అవి పాకిస్తాన్‌కు వెళ్తున్నట్టు జూన్‌లోనే పత్రికల్లో వచ్చింది. వాటిని మోసిన ఓడల్లో ఒకదాని పేరు పద్మ. తూర్పు బెంగాల్ జీవనదిది ఆ పేరు. ఉపసంఘం నివేదిక నవంబరు 1న వెలువడింది. మిగిలిన ఆయుధాల లైసెన్సుల రద్దు నవంబరు 8న వచ్చింది. అంతకుముందే అక్టోబరు 29న సెనేట్ విదేశీ సాయం బిల్లునే మొత్తంగా 41-27 ఓట్లతో తిరగ్గొట్టింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, పాకిస్తాన్ వాటిలో ఒకటి మాత్రమే. నిలిపివేత నిబంధనతో చట్టం చివరకు చేతికొచ్చింది 1972 ఫిబ్రవరి 7న. అప్పటికి ఢాకా విముక్తమై ఏడు వారాలు దాటింది.

ఇంతమంది వచ్చి చూసిన కలకత్తాలో, ఎవరి పేరిట ఈ సాయమంతా వచ్చిందో ఆ జనం ఎన్నుకున్న సభ్యులూ ఉన్నారు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌కు కేటాయించిన 169 జాతీయ స్థానాల్లో అవామీ లీగ్ 167 గెలిచింది. ఆ జాతీయ, ప్రాంతీయ సభ్యులే ఏప్రిల్ 10 ప్రకటనతో తమను రాజ్యాంగ సభగా ప్రకటించుకున్నారు. 17న మెహెర్‌పూర్ మామిడితోటలో తాజుద్దీన్ అహ్మద్ మంత్రివర్గం ప్రమాణం చేసింది. మర్నాడు కలకత్తాలో పాకిస్తాన్ ఉప హైకమిషనర్ హుసేన్ అలీ సిబ్బందితో సహా పక్షం మారి, సర్కస్ అవెన్యూ భవనం మీద కొత్త జెండా ఎగరేశారు. ప్రభుత్వ కార్యాలయం 8 థియేటర్ రోడ్డులో. అది అరవిందుడు పుట్టిన ఇల్లు, నేటి శ్రీ అరవింద భవన్. సభ్యులు జూలై మొదట్లో సిలిగురిలో సమావేశమయ్యారు, మంత్రివర్గాన్ని నిలదీశారు కూడా. కానీ సహాయ నిధుల మీద వారికి అధికారం లేదు. ఆ డబ్బు భారత్‌కు వచ్చింది, భారత్ ఖర్చు పెట్టింది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ లోటు వెంటనే తీరలేదు. రాజ్యాంగ సభ 1972 ఏప్రిల్ 10న ఢాకాలో మొదటిసారి కూర్చుంది. దాని పని రాజ్యాంగం రాయడం వరకే. చట్టాలు రాష్ట్రపతి ఉత్తర్వుల రూపంలో వచ్చేవి. ఐక్యరాజ్య సమితి సహాయ కార్యక్రమం అతి పెద్దగా నడిచిన కాలంలో, అంటే 1973 మార్చి 7 ఎన్నికల దాకా, ఖర్చును ప్రశ్నించే పార్లమెంటు బంగ్లాదేశ్‌కు లేదు. ఒప్పందాలను పార్లమెంటు ముందు పెట్టాలన్న నిబంధన అసలు రాజ్యాంగంలో లేదు, 1970ల చివరలో చేరింది.

పరాయి సభ చట్టం ఎంత చురుగ్గా పనిచేయగలదో 1974లో తెలిసింది. క్యూబాతో వ్యాపారం చేసే దేశాలకు ఆహార సాయం ఇవ్వకూడదని అమెరికా కాంగ్రెస్ చట్టం. బంగ్లాదేశ్ ప్రభుత్వ జనపనార సంస్థ క్యూబాకు 40 లక్షల గోనెసంచులు అమ్మింది. దేశ విభజన తర్వాత జనపనార పొలాలు తూర్పున, మిల్లులు హుగ్లీ ఒడ్డున మిగిలిపోయిన దేశానికి తన మిల్లుల సంచులు అమ్ముకోవడం అప్పుడప్పుడే వచ్చిన బలం. వరదలతో, ధరలతో కరువు ముంచుకొస్తుండగా ధాన్యం ఆగింది. ఎగుమతి మానేశామని ఢాకా హామీ ఇచ్చాక కదిలిన ఓడలు చేరేసరికి కరువు తన పని తాను చేసేసింది. పాకిస్తాన్‌కు సాయం ఆపే చట్టానికి పది నెలలకు పైగా తీసుకున్న వ్యవస్థే, గోనెసంచుల దగ్గర అక్షరం తప్పలేదు.

కలకత్తాకు మిగిలిన చివరి పద్దు సరిహద్దుది. దాని మూలం ఇంకా పాతది. 1958 నెహ్రూ-నూన్ ఒప్పందంలో జల్పాయిగురి జిల్లా బేరుబారిలో సగం పాకిస్తాన్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంటే, పశ్చిమ బెంగాల్ శాసనసభ ముక్తకంఠంతో వ్యతిరేకించింది. భూమి వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. 1974 మే 16న ఇందిరా గాంధీ, బంగ్లాదేశ్ ప్రధాని షేక్ ముజీబ్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నప్పుడు బేరుబారి భారత్‌కే మిగిలింది. బంగ్లాదేశ్ పార్లమెంటు ఆ ఏడాదే తన రాజ్యాంగాన్ని సవరించింది. భారత పార్లమెంటు నూరవ సవరణ చేసింది 2015 మేలో. జూన్ 6న ఢాకాలో ఆమోద పత్రాలు మారినప్పుడు అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అక్కడే ఉన్నారు. జూలై 31 అర్ధరాత్రి, బంగ్లాదేశ్ నేలలోని 111 భారత భూభాగాలు, భారత్ నేలలోని 51 బంగ్లాదేశ్ భూభాగాలు చేతులు మారాయి.