కట్టె, నీరు, కరెంటు: కోట తీరం పంపినవి

మదరాసు పుట్టకముందే ఇంగ్లీషువాళ్లు ఈ తీరానికి వచ్చారు. నెల్లూరు సీమలో కోట అనే ఊరికి దక్షిణాన, ఇప్పటి వాకాడు మండలంలోని దుగరాజపట్నం దగ్గర 1626 నాటికే ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకుంది. కంపెనీ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మదరాసపట్నం నేలకు దామెర్ల నాయకుల నుంచి అనుమతి సంపాదించాడు. ఏడాది తిరక్కుండా స్థావరం అటు తరలిపోయింది. దుగరాజపట్నం మళ్లీ పల్లెగా మిగిలింది. ఆ తర్వాత ఈ తీరం మదరాసు పట్నానికి సరఫరాదారు అయింది. మొదట పంపింది వంటచెరకు, తర్వాత మంచినీళ్లు. ఇప్పుడు ఆ పట్నాన్నీ దాటి దూరదేశానికి కరెంటు పంపుతోంది.

పెరిగే పట్నానికి పొయ్యిలోకి కట్టె కావాలి. పులికాటుకూ సముద్రానికీ మధ్య పరుచుకున్న శ్రీహరికోట దీవి అడవి ఆ అవసరం తీర్చింది. 1835లో ఆ దీవి ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవిలో ఉన్న యానాదులు సర్కారుకు అటవీ ఉత్పత్తులు సేకరించే పనివాళ్లయ్యారు. కట్టె కొట్టడం ఒక ఎత్తు, చేరవేయడం ఇంకో ఎత్తు. తుపానుల సముద్రం మీద బరువు పడవలను నమ్ముకోలేరు, ఇసుక దారుల్లో బండి చక్రం దిగబడుతుంది. అందుకే తీరం వెంబడి కాలువ తవ్వారు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వర్తకుడి చొరవతో మదరాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన పని పులికాటుకు, అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. 1837లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. చివరికి ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల ఉప్పునీటి జలమార్గం తయారైంది. 1876–78 నాటి ధాత కరువులో, కూలికోసం వచ్చిన జనం చేత మదరాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్కను తవ్వించారు. 1878లో కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. చెమట ఎవరిదైనా పేరు గవర్నరుదే కావడం ఆ కాలపు ఆనవాయితీ.

కోటకు తూర్పున సాగే ఆ కాలువ మీద కట్టె, ఉప్పు, ధాన్యం మదరాసుకు నడిచాయి. అడవి తరిగినకొద్దీ ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు లేచాయి. అవీ పట్నం పొయ్యికోసం పెంచినవే. రైలు, లారీ, కిరసనాయిలు వచ్చి కాలువను వెనక్కి నెట్టాయి. 1965, 1966 తుపానులు మిగతా పని పూర్తిచేశాయి. శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేయడంతో యానాదులు దీవిని వదిలి ఈవలి ఒడ్డుకు రావలసివచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది.

పట్నానికి రెండో అవసరం నీరు. చెన్నై దాహం తీర్చడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తమ కృష్ణా వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్ 18న ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య తెలుగు గంగ ఒప్పందం కుదిరింది. 15 టీఎంసీల్లో దారి నష్టం 3 పోను సరిహద్దు దగ్గర 12 అప్పగించాలి. అందులో జులై–అక్టోబరు నడుమ 8, జనవరి–ఏప్రిల్ నడుమ 4. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా పెన్నాలో కలిసి, 78 టీఎంసీల సోమశిలలో ఆగి, 68 టీఎంసీల కండలేరులో చేరి, అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువలో వెంకటగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాల గుండా సరిహద్దు దాటి పూండి చెరువుకు ఆ నీళ్లు వెళ్లాలి. 1996లో వెళ్లాయి. కాలువ గట్లు జారి, నీరు ఇంకిపోతుంటే పుట్టపర్తి సత్యసాయి బాబా ట్రస్టు సొంత ఖర్చుతో మరమ్మతు చేయించింది.

అమెరికాలో లాస్ ఏంజిలస్ నగరం 1913లో ఓవెన్స్ లోయ నుంచి కాలువ వేసుకుంది. కొన్నేళ్లకే ఆ లోయలోని సరస్సు ఎండిపోయి దుమ్ము లేచింది. తెలుగు గంగ ఆ తీరులో దోపిడీ కాదు. 5.75 లక్షల ఎకరాల సాగు కూడా పథకంలో ఉంది, నెల్లూరు మెట్ట రైతులకు అందులో భాగముంది. అయితే ఇక్కడి చిక్కు ఎగువన, శ్రీశైలంలో ఉంది. అదే నీరు అక్కడ కరెంటు కూడా. టర్బైన్లలోకి వదిలిన నీరు నాగార్జునసాగర్‌కు దిగిపోతుంది, పోతిరెడ్డిపాడు తూములకు అందదు. డ్యాంలో నిలవాల్సిన కనీస మట్టాన్ని 1996లో జీవో 69 ద్వారా 834 అడుగులుగా, 2004లో జీవో 107 ద్వారా 854 అడుగులుగా నిర్ణయించారు. ఈ ఇరవై అడుగుల తేడాలోనే రాయలసీమ పంట, నెల్లూరు మెట్ట, చెన్నై కుళాయి ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక ఎడమగట్టు విద్యుత్ కేంద్రం తెలంగాణది, కుడిగట్టుది ఆంధ్రది అయింది. 2021 వేసవి చివర మట్టం తక్కువగా ఉండగానే తెలంగాణ విద్యుదుత్పత్తి మొదలుపెట్టడంతో డ్యాంల దగ్గర ఇరువైపులా పోలీసులు నిలబడ్డారు.

ఈ తీరం పంపే మూడోది బొగ్గు కరెంటు. 2003 విద్యుత్ చట్టం ప్రైవేటు ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు తెరుచుకుంది. ఓడలో బొగ్గు దించుకోవచ్చు, చల్లార్చడానికి సముద్రముంది, నేల చవక. కోటకు ఉత్తరాన ముత్తుకూరు, చిల్లకూరు మండలాల తీరంలో చిమ్నీలు లేచాయి. నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరిట ప్రభుత్వ రంగ కేంద్రం 2015లో రెండు 800 మెగావాట్ల యూనిట్లతో నడిచింది. మూడో 800 మెగావాట్ల యూనిట్‌ను 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. సింగపూర్‌కు చెందిన సెంబ్‌కార్ప్ కేంద్రాలు మొత్తం 2,640 మెగావాట్లు. 2023లో అవి ఒమన్ సంస్థ చేతికి మారాయి. అందులోంచి 250 మెగావాట్లు బంగ్లాదేశ్‌కు ఒప్పందం. తమ్మినపట్నంలోని రెండు చిన్న కేంద్రాలు దివాలా చట్టం కింద చేతులు మారాయి. 2007లో యూనిట్ రూ. 2.33 ధరకు రిలయన్స్ పవర్ దక్కించుకున్న 4,000 మెగావాట్ల కృష్ణపట్నం ‘అల్ట్రా మెగా’ కేంద్రం మాత్రం లేవనే లేదు. ఆ కేంద్రం నమ్ముకున్న బొగ్గును అంతర్జాతీయ ధరకన్నా తక్కువకు అమ్మరాదని 2010లో ఇండోనేషియా ప్రభుత్వం అన్నది. దాంతో జావా సముద్రం అవతలి నిర్ణయం ఒకటి నెల్లూరు తీరంలో పునాదుల దగ్గరే పనిని ఆపింది.

ఈ కరెంటు ఎటు పోతుందో చూడాలి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతం చీకట్లో మునిగినప్పుడు దక్షిణాది బయటపడింది. అప్పటికి దక్షిణ గ్రిడ్ డీసీ లింకుల ద్వారానే మిగతా దేశంతో ముడిపడి ఉంది. అందుకే అక్కడి తూకం తప్పడం ఇక్కడికి పాకలేదు. ఆ ఏకాకితనానికి మూల్యం కూడా అదే ఏడాది కనబడింది. ఉత్తరాన మిగులున్నా తెచ్చుకునే దారి చాలక ఆంధ్రలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు అమలయ్యాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. నెల్లూరు పూలింగ్ స్టేషన్ నుంచి 765 కేవీ లైన్లు కర్నూలు మీదుగా ఆ రాయచూరుకు చేరతాయి. కృష్ణా నీరు ఏ దిక్కునుంచి దిగివస్తుందో, బొగ్గు కరెంటు ఆ దిక్కుకే ఎక్కిపోతుందన్నమాట.

ఇక తీరం తన కోసం ఏం వాడుకుంది? ఇక్కడి ఇసుకలో సేద్యానికి దొరువు ఆధారం. ఇసుకను నాలుగు పక్కలా వాలుగా తవ్వితే మనిషి లోతుకు ముందే నీరు ఊరుతుంది. మెట్లలా చదును చేసిన దారిలో దిగి, కుండలు ముంచి, నారుమళ్లకు పోసేవారు. ఆ మంచినీరు వాన నుంచి ఇంకి, అడుగున ఉన్న బరువైన ఉప్పునీటిపై తేలే పొర. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే కింద సుమారు నలభై అడుగుల మేర మంచినీటి పొర ఉంటుందని భూజల శాస్త్రం లెక్క. పై అడుగు తగ్గితే కింద నలభై అడుగుల మేర ఉప్పు ఎగదన్నుతుంది. కుండతో తోడినంత కాలం పొర నిలిచింది. ఎంత తోడినా సాయంత్రానికి మనిషి అలసిపోతాడు గదా. మోటారు అలసిపోదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో వచ్చిన ఉచిత విద్యుత్ మెట్ట రైతును నిలబెట్టింది. ఇసుక నేలలో మాత్రం అది అదుపు లేకుండా తోడడానికి వీలిచ్చింది.

1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. ఉప్పునీరు పొలాల మధ్య నిలిచింది. తెల్లమచ్చ వైరస్ చెరువులను ఊడ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, జగన్నాథ్ కేసులో, తీరపు నియంత్రిత ప్రాంతంలో పెద్ద ఎత్తున రొయ్యల సాగు కుదరదని తీర్పిచ్చింది. తీరపు ఆక్వా సాగుపై 2005లో వచ్చిన చట్టంతో సాగు మళ్లీ నిలదొక్కుకుంది. వెనామీ రొయ్య రావడంతో రాత్రంతా తిరిగే ఏరియేటర్లు, తర్వాత వాటికి రాయితీ కరెంటు కూడా వచ్చాయి. కరెంటు పోయిన గంటలోనే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది కాబట్టి ప్రతి చెరువు గట్టున ఒక డీజిల్ జనరేటరు సిద్ధంగా ఉంటుంది. వేల మెగావాట్ల కేంద్రాల నీడలో డీజిల్ వాసన! ఇది తమాషా కాదు, పంపిణీ లోపం.

ఇప్పుడు కోట, చిల్లకూరు మండలాల్లో చెన్నై–బెంగళూరు కారిడార్‌లో భాగంగా కృష్ణపట్నం పారిశ్రామిక నగరం రాబోతోంది. 2020 డిసెంబరులో కేంద్రం రూ. 2,139 కోట్లకు ఆమోదమిచ్చింది. 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. నాలుగు వందల ఏళ్లలో మొదటిసారి ఈ తీరం నీటినీ కరెంటునూ పెద్ద ఎత్తున తానే అడగబోతోంది. చెన్నై తన 12 టీఎంసీలను నెలల వారీగా ఒప్పందంలో రాయించుకుంది. కోట పల్లెల తాగునీటి వాటా ఎంత, దొరువుల పరిసరాల్లో ఎంత లోతు దాకా తోడవచ్చు అన్నవి కూడా పరిశ్రమల కోటా ఖరారయ్యేలోపే కాగితం మీద ఉండాలి. ఆ పని జిల్లా యంత్రాంగానిది, అడగాల్సింది ఇక్కడి గ్రామసభలు.