ఖల్లివెల్లిని తయారుచేసిన చట్టం

గల్ఫ్‌లో కాగితాలు చెల్లక దాక్కుని బతికే కార్మికుణ్ణి మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఖల్లివెల్లి అంటారు. చేసుకున్న తప్పుకే అనుభవిస్తున్నాడన్న మాట ఊళ్లోనూ వినిపిస్తుంది, ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలవదు. వీళ్లలో చాలామంది దొంగదారిన సరిహద్దు దాటలేదు, చెల్లుబాటయ్యే వీసాతోనే విమానం దిగారు. దిగిన తర్వాత వాళ్లను అక్రమ నివాసులుగా మార్చింది అక్కడి చట్టమే.

ఆ చట్టానికి మూలం కఫాలా, అంటే వలస కార్మికుణ్ణి స్థానిక యజమాని పూచీకి కట్టిపడేసే పద్ధతి. దీన్ని అనాదిగా వస్తున్న అరబ్బుల ఆచారమని చెబుతుంటారు. అయితే చరిత్రకారుడు ఒమర్ అల్‌షెహాబీ పరిశోధన ప్రకారం, ఇప్పుడున్న రూపానికి పునాది పడింది 1920ల చివర, బ్రిటిష్ పెత్తనం కింద ఉన్న బహ్రెయిన్‌లో. ముత్యాల వేటకు బయటినుంచి వచ్చే కూలీలపై నిఘా భారాన్ని పాలకులు యజమానుల మీదికి నెట్టారు. చమురు డబ్బు పొంగిన 1970ల తర్వాత అదే పద్ధతి లక్షలాది మందికి వర్తించింది. కార్మికుడి అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ అనే ఆ పూచీదారు పేరుతో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, చెప్పిన పని ఒకటి చేయించేది మరొకటి అయినా, అతను గడప దాటితే చాలు, పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేయవచ్చు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఆ ఒక్క నమోదుతో బాధితుడే నేరస్థుడవుతాడు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోతే, ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాసే దిక్కు.

తెలిసి తెలిసి ఆజాద్ వీసా కొనుక్కున్నవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. నిజమే, కాగితం మీద ఒక కఫీల్, పని మరోచోట అని వాళ్లకు తెలుసు. కానీ ఆ సరుకు బజారుకు ఎలా వచ్చింది? వీసా తెప్పించే హక్కును చట్టం స్థానికుడి చేతిలో పెట్టింది కాబట్టే అతను దాన్ని అమ్ముకోగలిగాడు. అమ్మినవాడికి ఏటా సొమ్ము ముడుతుంది, తనిఖీలో పట్టుబడేది కొన్నవాడు. ఏ దేశానికైనా ఎవరిని రానివ్వాలో తేల్చుకునే అధికారం ఉంది, కాదనలేం. ఆ అధికారాన్ని ప్రభుత్వం తన దగ్గర ఉంచుకోకుండా ఒక్కో యజమానికి పంచిపెట్టడమే అన్యాయం.

మన వైపు చట్టానికీ ఇందులో వాటా ఉంది. 1922 నాటి వలస చట్టం స్థానంలో వచ్చిన 1983 చట్టం, చదువు తక్కువైనవారు గల్ఫ్ వంటి దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలంది. ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉద్దేశం రక్షణే. కానీ అప్పు తెచ్చుకుని తొందరలో ఉన్నవాళ్లను ఆ అనుమతి తప్పించుకునేందుకు ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించారు. ఏ రికార్డులోనూ లేని ఆ మనిషికి కష్టమొస్తే ఆ రక్షణ అందలేదు. పని మనుషులుగా కువైట్ వెళ్లిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లలోనూ ఇలా చిక్కుకున్నవారున్నారు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆమ్నెస్టీల, అంటే కాగితాలు లేనివారికి ఇచ్చే క్షమాభిక్షల వరస. యూఏఈ 2007, 2012, 2018, 2024లలో క్షమాభిక్ష ప్రకటించింది. సౌదీ 2013లోనూ 2017లోనూ, కువైట్ 2018లోనూ గడువులిచ్చాయి. తప్పు మనుషులదే అయితే ఒకసారి ఊడ్చేశాక మళ్లీ అన్ని వేలమంది ఎక్కడినుంచి వస్తారు? మనుషులు మారినా నిబంధన మారలేదు కాబట్టే వస్తున్నారు. యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు ఖతార్ 2020లో కల్పించింది, సౌదీ 2021లో షరతులతో ఇచ్చింది. అంటే ఆ ముడి విప్పరానిదేమీ కాదు. అయినా సౌదీ ఆ సంస్కరణలో ఇంటిపనివాళ్లను చేర్చలేదు. తిరిగొచ్చినవాణ్ణి నిలదీసే ముందు, తప్పుడు హురూబ్ పెట్టిన కఫీల్‌కూ, విజిట్ వీసా మీద పంపిన ఏజెంటుకూ ఏ శిక్ష పడిందో మన ప్రభుత్వాలు అడగాలి.