గాజు తొట్టెలో పెద్ద క్యాట్‌ఫిష్: నూజివీడు, కొల్లేరు ప్రాంతం

మీసాలుండి పొలుసులు లేని మంచినీటి చేపల్లో మీటరు దాటి పెరిగే జాతులను ఇళ్లలో ఆక్వేరియం కట్టి పెంచడం నూజివీడు పరిసరాలకు కొత్త ముచ్చట. చేపలు మాత్రం కొత్తవి కావు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో, ఆ తరవాత ఏలూరు జిల్లాలో ఉన్న ఈ పట్టణం మామిడి తోటల మెట్ట. దీనికి తూర్పున పల్లంలో కొల్లేరు సరస్సు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెట్ట మీది వాన నీటిని అక్కడికే చేరుస్తాయి. అందువల్ల ఇక్కడి ఆక్వేరియం కథను కొల్లేరు చెరువుల కథతో కలిపి చెప్పక తప్పదు.

ఈ ప్రాంతపు సొంత క్యాట్‌ఫిష్‌లు వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి. వీటిలో భారీగా పెరిగేది వాలుగ. రెండు మీటర్లు దాటినవీ నమోదయ్యాయి. విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1803లో అక్కడి రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం వేసినప్పుడు తెలుగు పేర్లనే రాసుకున్నాడు. శాస్త్రవేత్తలు వాలుగకు పెట్టిన ప్రజాతి పేరు ‘వల్లాగో’ అలా వచ్చిందే. ఈ చేప పులుసుకే గానీ అద్దాల తొట్టెకు పనికొస్తుందని మనవాళ్లు ఎన్నడూ అనుకోలేదు. తోటి చేపలన్నిటినీ మింగే జీవిని ముచ్చటకు ఎవరు పెంచుతారు? పైగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఇప్పుడు దీన్ని ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది.

చేపల్ని అద్దంలోంచి చూసే వేడుక బయటి నుంచి వచ్చింది. లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో మొదలైన ‘చేపల ఇల్లు’ ఐరోపాలో ఈ మోజును పెంచింది. నూజివీడు అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఆ మద్రాసు మెరీనా తీరంలో 1909లో ప్రజల కోసం ఆక్వేరియం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను బాంబుల భయంతో దాన్ని తీసేశారు. తరవాత మధ్యతరగతి ఇళ్లకు చేరిన తొట్టెల్లో గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు, ఏంజెల్‌ఫిష్‌లు తిరిగాయి. అన్నీ అరచేతిలో ఇమిడేవే.

పెద్ద చేప ఇంటికి వచ్చింది ‘షార్క్’ వేషంలో. దుకాణాల్లో రెండు మూడు అంగుళాల వెండి రంగు పిల్లల్ని, కొన్నిచోట్ల తెల్లవాటిని, ఆ పేరుతో అమ్ముతారు. అది నిజానికి మెకాంగ్, చావో ఫ్రాయా నదుల పంగాసియస్. ఫ్రెంచి శాస్త్రవేత్త సోవాజ్ 1878లో దీన్ని వర్ణించాడు. ఇదే చేప 1990ల నడుమ థాయ్‌లాండ్ నుంచి బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమబెంగాల్‌కు, అక్కడి నుంచి ఆంధ్ర చెరువులకు దిగింది. రైతులకు ఇది ‘ఫంగస్’. ఏడాది తిరిగేసరికి కిలో దాటుతుంది. కొల్లేరు పక్కనున్న కైకలూరు చుట్టుపక్కల టన్నుల లెక్కన పట్టి లారీలకు ఎత్తే ఈ చేప, పట్నం దుకాణంలో జత లెక్కన అమ్ముడవుతుంది. ఇలా రెండు బతుకులు బతికే మరో చేప రూప్‌చంద్. చెరువు గట్టున దాన్ని కిలోల్లో తూస్తారు, ఆక్వేరియం దుకాణంలో ‘పాకూ’ అంటారు.

కొనేవారికి దుకాణదారు సాధారణంగా చెప్పనిది ఒకటే: పంగాసియస్ మీటరు పైన పెరుగుతుంది, నలభై కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 255 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో అడుగున్నర దాటిన చేప తిన్నగా తిరగడమే కష్టం. తొట్టె చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అలా ఉండిపోయేది ఆరోగ్యంగా ఉండి కాదు, చెడిన నీటిలో గిడసబారి. పంగాసియస్ గుంపుగా వలసపోయే నదీచేప. దానికి బెదురెక్కువ. తలుపు చప్పుడైనా అద్దానికి మూతి బాదుకుని పుళ్లు చేసుకుంటుంది. ఎదిగినవాటికి పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కావాలంటే నీటి బరువే నాలుగు టన్నులు. దాన్ని మేడ మీద పెట్టే సాహసం ఎవరూ చేయకూడదు. పెరట్లో నేల మీద కట్టిన సిమెంటు తొట్టే నయం.

మెట్ట ప్రాంతపు మే నెలలో కరెంటు పోయి గాలి పంపు ఆగినా పంగాసియస్ వెంటనే చావదు. గాలితిత్తితో పైగాలి పీల్చగలదు. మార్పు, ఇంగిలాయిలకూ పైగాలి పీల్చే అవయవాలున్నాయి. అయితే ఈ బలమే యజమానిని మోసం చేస్తుంది. చేప తిన్న మేత అమ్మోనియాగా నీటిలో చేరుతుంది. ఫిల్టరులోని బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చాలి. ఫిల్టరు చాలకపోతే చేప ఊపిరి పీలుస్తూనే విషంలో నానుతుంది. పొలుసులు లేని ఒంటికి మందుల మోతాదూ జాగ్రత్తగా చూడాలి.

అమెజాన్, ఒరినోకో నదుల ఎర్రతోక క్యాట్‌ఫిష్ పెంపకందార్లకు గర్వకారణం. నల్లని వీపు, తెల్లని పొట్ట, నారింజ తోకతో చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మీటరు దాటి పెరుగుతుంది, నోట్లో పట్టిన తోటి చేపల్నీ గులకరాళ్లనూ మింగుతుంది.

ఇంట్లో పట్టని చేపను కాలవలోనో చెరువులోనో వదిలేయడం ఈ చరిత్రలో బాధ్యతలేని భాగం. 1990లలోనే దొంగదారిన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఆక్వేరియం చేప కాదు, కూర చేప. ఇక్కడి జాతుల్ని తినేస్తుందని కేంద్రం 1997లో దాని పెంపకాన్ని నిషేధించింది. పంగాసియస్‌కు మాత్రం తరవాత నిబంధనలతో అనుమతి ఇచ్చింది. తొట్టె అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ చేప కథ ఇంకో తీరు. అది అడుగున్నర దాకా పెరిగి, చెరువుల్లోకి చేరాక గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ముళ్లతో వలలు చించుతుంది. మార్కెట్లో ధర ఉండదు. రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లోని డీఎన్ఏను పరీక్షించి, తూర్పు కనుమల జలాశయాల్లో ఇది విస్తృతంగా పాకిందని గుర్తించారు.