బూడిదదిబ్బలు చెప్పెడి వానకథ

బళ్లారి, అనంతపురము సీమల కొండలనడుమ పెద్ద పెద్ద బూడిదదిబ్బలు కలవు. హంపీచెంత నింబాపురమున నున్న దిబ్బను చూపి, వాలిని దహించిన చోటు అదియేయని అచ్చటివారు చెప్పుదురు. 1957లో ఆల్చిన్ అను పండితుడు పాలమూరు ప్రాంతపు ఉట్నూరున (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) ఇట్టి దిబ్బ నొకదానిని త్రవ్వించెను. అందు కాలిన దడిగుంజల గుంటలును, పశువుల గిట్టల ముద్రలును బయల్పడెను. అది చితి కాదు; నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పోగైన పేడను ఆ జనులు మరల మరల తగులబెట్టిరి. ఏల కాల్చిరో, పండుగకో, తెగులు పోవుటకో, నిశ్చయింపరాదు.

వారు క్రీ.పూ. 3000 ప్రాంతమునుండి ఈ మెట్టసీమలో నుండిరి. బళ్లారిచెంత సంగనకల్లున వారి యిండ్లు కొండనెత్తముననే యుండెను. అండుకొర్రలు, ఉలవలు, పెసలు వారి పంటలు. ఏటికి ఇంచుమించు ఇరువది అంగుళముల వాన కురియు ఆ సీమలో నాలుగంగుళములు తగ్గిన నేమగునో మీకు నేను చెప్ప నక్కరలేదు.

అట్లు తగ్గిన కాలమొకటి వచ్చెను. గోదావరి సాగరసంగమమున కెదుట సముద్రపుటడుగు బురదను పొరలు చెదరకుండ పైకి తీసి పరీక్షించిరి. నది కొట్టుకొనివచ్చిన ఆకుల మైనము అందు నిలిచియున్నది. ఎండకు తాళు మొక్కల మైనపు లక్షణము వేరు, తడినేల మొక్కలది వేరు. 2012లో ప్రకటింపబడిన ఆ పరిశోధన, ఇప్పటికి సుమారు నాలుగువేల యేండ్లకు పూర్వము దక్కను ఎండనారంభించెనని తెలిపెను.

కావున కరువుచేత ఊళ్లు పాడయ్యెనని చెప్పుట సులభము. కాని నాకు లెక్క కుదురుటలేదు. క్రీ.పూ. 2000 తరువాతి శతాబ్దములలోనే దిబ్బలు పెరుగుట క్రమముగా ఆగి, స్థిరమైన పల్లెలు వృద్ధిపొందెను. గోధుమ, యవలు కొలదిగా వచ్చి చేరెను. సంగనకల్లు కొండయూరు పాడుపడినది క్రీ.పూ. 1200 ప్రాంతమున, అనగా వాన తగ్గనారంభించిన యెనిమిదివందల యేండ్లకు!

మన పెద్దలు చెప్పుకొనిన ధాతకరువు 1876లో వచ్చెను. లక్షలాది జనులు మడిసిరి, ఇండ్లు విడిచిపోయిరి. వానలు మరలగానే మిగిలినవారు వచ్చి ఆ చేలనే దున్నిరి. ఒక్క కరువు చేయజాలని పనిని తరతరములుగా తగ్గు వాన చేయగలదు. కాని అది మెల్లగా చేయును, మనుష్యుడు మారుటకు గడువిచ్చును. తక్కువ తడికి తాళు ఉలవను నమ్మి, మందలతో తిరుగుట తగ్గించి, వారు కొంతకాలము నెగ్గుకొనివచ్చిరని నా యూహ. పిదప ఇనుము వచ్చెను. కొండమీది రాతిగొడ్డలి పనికి గిరాకి తగ్గెను, క్రిందినేల పిలిచెను. కొండ దిగుటకు వాన ఒక్కటియే కారణమని నేననను. వాన కారణము కాదనియు ననలేను.

సంగనకల్లు, కప్పగల్లు కొండలపై వారు గొడ్డళ్లు నూరిన చాళ్లును, బండలపై చెక్కిన పొడవుకొమ్ముల యెడ్లును మిగిలియున్నవి. వానిలో కొన్ని రోడ్డుకంకరకై బండలు పగులగొట్టుటచే చెడిపోయినవి.